మాటకి ఇంతని

మేత వాసన కొట్టే నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి
నిలబడే ఉంది గెడ్డం సువార్త.
మొగల్తూరు అవతల రొయ్యల చెరువుల్లో
నీళ్లు పరీక్షించే ఉద్యోగం.
రోజూ రాత్రి చెన్నై ఆఫీసుకి
ఇంగ్లీషులో రిపోర్టు పంపాలట.
కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

చదివాను.
పాండ్ ఫోర్ ఆక్సిజన్ డౌన్. ప్రాన్స్ టాప్. స్టార్ట్ ఏరేటర్.
నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం ముడుచుకుంది.
"తప్పాండి?"
"తప్పు కాదమ్మా. చవక."

అచ్చం టెలిగ్రాం.
పాలకొల్లు తంతి ఆఫీసు కిటికీలో
ముప్ఫై ఒక్క ఏళ్లు నేను చేసిందదే.
మాటకి ఇంతని రేటు.
జనం బారెడు దుఃఖం రాసుకొచ్చేవాళ్లు,
చెవి మీది పెన్సిల్ తీసి
జానెడు చేసి ఇచ్చేవాణ్ని.
మొదట పోయేది 'ప్రియమైన',
తర్వాత 'దయచేసి',
ఆ తర్వాత ఈ చిన్న మాటలు,
'ఎ', 'ద', ఉన్నా లేనట్టుండేవి.

ఇప్పుడు వాటినే తిరిగి పెట్టమని
ఎర్ర సిరాతో చెప్పాల్సొచ్చింది.

"ఎ పాండ్ అంటే ఏదో ఒక చెరువు.
ద పాండ్ అంటే నీకూ నాకూ తెలిసిన చెరువు."
కాసేపు కలం కొరికింది.
"అంటే, కొత్త కోడలు కాపరానికొస్తే
మొదటిరోజు 'ఎవరో పిల్ల' అంటారు,
మర్నాటికి 'ఆ పిల్ల' అంటారు.
అలాగాండి?"
ఏ గ్రామరు పుస్తకంలోనూ లేదు గానీ
అలాగే.

ఇంకో పేజీ.
"ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్..."
ఎక్కడిదమ్మా ఇది?
పాత సూపర్‌వైజరు ఫైల్లోంచి ఎత్తి రాసిందట.
"చచ్చిన రొయ్యల్ని చూసిందెవరు?"
"నేనేనండి. తెల్లారగట్ట మూడింటికి,
టార్చి పట్టుకుని, మోకాల్లోతు నీళ్లలో."
"మరి అదే రాయి. ఐ సా."
రాయలేదు.
మన భాషలో 'నేను' పలక్కపోయినా గడిచిపోతుంది,
'చూశాను' తోకలో ఒదిగి కూర్చుంటుంది.
ఇక్కడ ముందుకొచ్చి నిలబడాలి.
"ఎప్పుడూ పెద్ద అక్షరమేనాండి?"
"ఎప్పుడూను. వాక్యం మధ్యలో ఉన్నా సరే."
స్కేలు పెట్టి గీసినట్టు రాసింది
ఒక నిలువు గీత, పైనొక చూరు, కిందొక అరుగు.
కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

"మీరు కొట్టేసిన మాటలన్నీ ఏమయ్యాయండి?"
ఊరికే అడిగింది, కలం మూత పెడుతూ.

లంకలు మునిగిన ఏడు
కనకాయలంక నుంచి ఒకాయన, తడి పంచెతో.
తమ్ముడికి తంతి.
కాగితం మీద మొత్తం ఇంటి సంగతంతా ఉంది,
గొడ్లు, గాదె, తాటాకు కప్పు.
అన్నీ కోసుకుంటూ వచ్చాను.
అవర్ చిట్టి గాన్.
'అవర్' మీద పెన్సిల్ పెట్టాను.
చిట్టి ఎవరో మీ తమ్ముడికి తెలీదా, దండగ కదా అన్నాను.
ఆయన చిల్లర లెక్కపెట్టుకుని
తెలుసండి, తీసేయండి అన్నాడు.

సువార్తకి ఇది చెప్పలేదు.
"ఏమవుతాయమ్మా, పెన్సిల్ పొట్టులో పోయాయి" అన్నాను.
ఆమె పేజీలో
ఆమె వదిలేసిన చోటల్లా
'ద' రాసుకుంటూ పోయాను,
అవసరం లేనిచోట రెండు ఎక్కువే పడ్డాయి.
"ఇక్కడెందుకండి?" అని పట్టుకుంది.
నిజమే. కొట్టేశాను.

కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగుంటాయని
నోట్‌బుక్ చున్నీలో చుట్టుకుని
స్కూటీ మీద పరిగెత్తింది.

తెల్లారి ఐదున్నరకి ఫోను మోగి ఆగింది. మెసేజి.

ఐ సా ద పాండ్ ఫోర్. ద ప్రాన్స్ ఆర్ ఈటింగ్ అండి.

పాండ్ ఫోర్ ముందు 'ద' అక్కర్లేదు.
చివర 'అండి' ఇంగ్లీషే కాదు.
చెవి మీద పెన్సిల్ ఉంది.
చెయ్యి అక్కడిదాకా వెళ్లి
తల గోక్కుని వచ్చేసింది.